ఇటాలియన్ మాటామంతీ, 6వ పాఠం: నచ్చేది కాఫీ, మీరు కాదు

కిందటిసారి నచ్చినవి ఐదు రాయమంటే ఎక్కువమంది "ఈయొ ప్యాచ్చొ ఇల్ కఫ్ఫే" అని రాశారు. కాబట్టి ఈసారి చెబుతానన్న హోటల్ ఆర్డర్ వచ్చే పాఠానికి వాయిదా.

"ఈయొ ప్యాచ్చొ" అంటే "నేను నచ్చుతాను". కాఫీకి మీరు నచ్చడం ఏమిటి? ఇంగ్లీషు "ఐ లైక్" మీదుగా చుట్టు తిరిగి వెళ్తే వచ్చే తంటా ఇది. తిన్నగా తెలుగులోంచే వెళ్ళండి. "నాకు పాట నచ్చింది", "నాకు పాటలు నచ్చాయి": పాటను బట్టి క్రియ మారింది, "నాకు" కదల్లేదు. ఇటాలియన్‌లోనూ అంతే. "నాకు" అంటే "మి". నచ్చేది ఒకటైతే "ప్యాచె", ఎక్కువైతే "ప్యాచ్చొనొ".

మి ప్యాచె ఇల్ కఫ్ఫే: నాకు కాఫీ ఇష్టం.
మి ప్యాచ్చొనొ ఇ గాత్తి: నాకు పిల్లులంటే ఇష్టం.
నోన్ మి ప్యాచె: నాకు నచ్చదు.

"ప్యాచ్చొనొ"లో ఊనిక మొదటి అక్షరం మీదే. మాట ముందు వచ్చే ఇల్, లా (ఒకటికి), ఇ, లె (ఎక్కువకు), అంటే ఇంగ్లీషు "ద" లాంటి ముక్కల సంగతి రెండో పాఠంలో అయిపోయింది, మళ్ళీ చెప్పను.

నీకు "తి", అతనికి "ల్యి", ఆమెకు "లె", మాకైనా మనకైనా "చి", మీ అందరికీ "వి". ఒక్కరినే మర్యాదగా "మీకు" అనాలంటే మాత్రం "వి" కాదు, "లె": "లె ప్యాచె ఇల్ కఫ్ఫే?"

అసలు చిక్కు లెక్కలో ఉంది. మనం ద్రాక్షపళ్ళు అని బహువచనంలో అంటాం, వాళ్ళకు "ఊవ" ఏకవచనం: మి ప్యాచె లూవ (లా, ఊవ కలిసి). స్పగెత్తి మనకు ఒక వంటకం, వాళ్ళకు బహువచనం: మి ప్యాచ్చొనొ ల్యి స్పగెత్తి (ఈ "ల్యి" "అతనికి" కాదు, "ఇ"కి మరో రూపం). "జెంతె" అంటే జనం, అదీ ఏకవచనమే. పనులు ఎన్నున్నా ఏకవచనమే: మి ప్యాచె మంజారె ఎ దొర్మీరె, తినడమూ పడుకోవడమూ ఇష్టం. తెలుగు లెక్క చూసి క్రియ పెట్టకండి, ఇటాలియన్ మాట ముందున్న ఇల్, ఇ చూసి పెట్టండి. నేను నమ్మే అడ్డదారి ఇదొక్కటే.

అవతలివారు "మి ప్యాచె" అంటే "నాకూ" అనాలి, "నేనూ" కాదు: "ఆంకె అ మే". "అంకీయొ" అంటే తప్పు. వాళ్ళు "నోన్ మి ప్యాచె" అంటే "నాకూ నచ్చదు" అనడానికి "నెఆంకె అ మే".

అలాగని "నాకు" ఉన్నచోటల్లా "మి" తగిలించకండి. నాకు ఆకలి: "ఓ ఫామె". దాహం "ఓ సేతె", నిద్ర వస్తోంది "ఓ సొన్నొ", చలి "ఓ ఫ్రెద్దొ". ఈ "ఓ" అంటే "నా దగ్గర ఉంది". వయసుకూ ఇదే: "ఓ త్రెంతాన్ని", నాకు 30 ఏళ్ళు. ఆ "న్ని"లో ఒత్తు మింగారో, సంవత్సరాలు కాస్తా మలద్వారాలవుతాయి. అమ్మ, అక్క పలికే నోటికి ఇది కష్టం కాకూడదు. రోమన్ లిపిలో చదివేటప్పుడే ఒత్తు జారిపోతుంది.

అభ్యాసం: వంటింట్లో కనబడే 20 వస్తువులకు ఇటాలియన్ పేర్లు, ముందుండే ఇల్, లా, ఇ, లె తో సహా వెతికి పెట్టుకోండి. కాగితం పక్కన పడేసి ఒక్కోదానికి నచ్చుతుంది, నచ్చదు, "నీకు నచ్చుతుందా?" మూడూ పైకి అనండి. మొత్తం 60 వాక్యాలు, 5 నిమిషాల్లో. ఒక్కసారి "ఈయొ" నోట్లోంచి వచ్చినా మళ్ళీ మొదటి నుంచి.