డే లిల్లీకి కాయ నిలిచింది

పర్లాకిమిడిలో మా పెరటి డే లిల్లీలు విరగబూసేవి, కాయ మాత్రం నిలిచేది కాదు. పుప్పొడి అద్దిన పూల కాడలు పసుపెక్కి రాలిపోయేవి. పువ్వు నడుమ కన్నులాంటి మచ్చ ఉన్న ఎరుపు రకంలో క్రోమోజోములు 44, మా పసుపు రకంలో 22. వీటికి పొత్తు కుదరడం బహు అరుదు. అమ్మేవాళ్లు ఈ ముక్క చెప్పరు! దానికి తోడు మన ఎండ.

ఈసారి 22 ఉన్నవాటినే జతకట్టాను. పువ్వు ఒక్కరోజుదే కాబట్టి పొద్దున్నే, పుప్పొడి పొడిపొడిగా రాలుతున్నప్పుడు కేసరం తుంచి కీలాగ్రానికి, అంటే పువ్వు నడిమి పొడుగాటి కాడ కొనకు, రాశాను. కాడకు దారంతో చీటీ కట్టాను, కాయ కాసే తల్లి మొక్క పేరు ముందు. కాయ గోధుమరంగుకు తిరిగి కొన పగిలాకే కోశాను. లోపల నల్లగా నిగనిగలాడే గింజలు. ఏ రంగు వచ్చిందో మొలకలు పూస్తేనే తెలుస్తుంది.