పిల్లల్లో లేజీ ఐ: ఇంట్లో గమనించడం, ప్యాచ్ వేయించడం ఎలా?

లేజీ ఐ అనగానే చాలామంది మెల్లకన్ను అనుకుంటారు. రెండూ ఒకటి కాదు. మెల్ల బయటికి కనిపిస్తుంది, లేజీ ఐ కనిపించదు. మెల్ల వల్ల గానీ, రెండు కళ్ల పవర్‌లో బాగా తేడా ఉండి గానీ, పుట్టుకతో శుక్లం వచ్చో, రెప్ప వాలిపోయో గానీ, మెదడు ఒక కన్ను పంపే బొమ్మను పక్కన పెట్టేసి రెండో కంటితోనే పని కానిచ్చేస్తుంది. అలా పక్కన పెట్టేసిన కంటి చూపు తగ్గిపోవడమే లేజీ ఐ. నూటికి ఇద్దరు ముగ్గురు పిల్లల్లో ఇది ఉంటుంది. పిల్లలు చెప్పరు. పుట్టినప్పటి నుంచీ వాళ్లకు తెలిసిన చూపు అదే కదా.

ఒకవేళ చెప్పినా, "అద్దాలు పెట్టుకున్నా అక్షరాలు కలిసిపోతున్నాయి" అంటారు. చదువు ఎగ్గొట్టడానికి సాకు అనుకునే ఇళ్లు చాలానే. అందుకే మొదటి పరీక్ష పిల్లలకు కాదు, మీకు.

ముందు మీరు చేసి చూడండి

ఒక తెల్లకాగితం మీద ఎడమవైపు చుక్క పెట్టండి. ఆ చుక్కకు 8 సెంటీమీటర్ల కుడిపక్కన, సెంటీమీటరు ఎత్తుండే ఏదో ఒక అక్షరం రాయమని ఇంట్లో ఎవరినైనా అడగండి. అదేమిటో మీరు ముందే చూడకూడదు. ఇంకో కాగితం మీద అంతే దూరంలో మరో అక్షరం రాయించండి, కానీ ఈసారి దానికి రెండు పక్కలా ఆనించినట్టు ఇంకో రెండు అక్షరాలు ఉండాలి. ప, వ, స, ఘ లాంటివైతే మంచిది. కాగితాన్ని మూరెడు దూరంలో పట్టుకుని, చూపు చుక్క మీంచి కదల్చకుండా పక్కనున్నది ఏమిటో చెప్పండి. రెండు కళ్లూ తెరిచే ఉంచాలి. ఒక కన్ను మూస్తే అంధబిందువు (ప్రతి కంటికీ ఏమీ కనిపించని చిన్న చోటు) అడ్డొచ్చి లెక్క తప్పే అవకాశం ఉంది.

ఒంటరి అక్షరం చాలామందికి తెలిసిపోతుంది. మూడింటి మధ్యలోది మాత్రం చిక్కదు. అక్కడ ఏదో ఉందని తెలుస్తుంది, గుండ్రంగా ఉందనీ తెలుస్తుంది, తలకట్టు ఏ అక్షరానిదో మాత్రం తేలదు. పక్క అక్షరాలను చెరో 5 సెంటీమీటర్లు దూరం జరిపి రాయిస్తే మళ్లీ చదవగలుగుతారు. చూపు నిలిపిన చోటుకీ అక్షరానికీ మధ్య ఎంత దూరం ఉందో, అందులో దాదాపు సగం దూరంలోపు ఇంకేదైనా ఉంటే అది అడ్డుపడుతుందని చూపు మీద పరిశోధన చేసిన హెర్మన్ బౌమా 1970లో చెప్పారు. మన 8 సెంటీమీటర్లకు ఆ హద్దు 4.

అక్షరం చిన్నదనో మసకగా ఉందనో కాదు, ఇరుకు వల్ల చదవలేకపోయారు. లేజీ ఐ ఉన్న పిల్లలకు, ముఖ్యంగా మెల్ల వల్ల వచ్చినవాళ్లకు, ఆ కంటితో నేరుగా చూస్తున్నప్పుడు కూడా ఇదే పరిస్థితి. గీత ఎక్కడుంది, చుక్క ఎటుంది అన్న అంచనా కూడా తప్పుతుంది.

తర్వాత గోడ మీది క్యాలెండర్

మన తెలుగు క్యాలెండర్ ఇందుకు భలే పనికొస్తుంది. పెద్ద అంకెలు, వాటి చుట్టూ తిథి, నక్షత్రం, రాహుకాలం, ఖాళీ అనేదే ఉండదు. పిల్లలను మూడు మీటర్ల దూరంలో కూర్చోబెట్టి, ఒక కన్నును మీ అరచేత్తో మూయండి. వాళ్ల చేతికి వదిలేస్తే వేళ్ల సందుల్లోంచి చూడకుండా ఉండరు. తేదీలను అటూ ఇటూ మార్చి చూపించండి, వరసగా అడిగితే లెక్కపెట్టి చెప్పేస్తారు. తర్వాత తెల్లకాగితానికి చిన్న కిటికీ కత్తిరించి, ఒక్క అంకె మాత్రమే కనిపించేలా క్యాలెండర్ మీద పెట్టి అడగండి. ఒక కంటితో కిటికీలోంచి చక్కగా చెప్పి, కాగితం తీసేస్తే తడబడుతుంటే, రెండో కంటికి ఆ ఇబ్బంది లేకపోతే, ఆలస్యం చేయకుండా కంటి డాక్టరుకు చూపించండి. ఇక్కడ బాగా చెప్పారు కదా అని ఊరుకోకండి. స్కూల్లో చేరే లోపు ఒకసారి చుక్కల మందు వేసి చేసే పరీక్ష అందరికీ చేయించాల్సిందే.

అద్దాలు, ఆ తర్వాతే ప్యాచ్

ముందు అద్దాలు ఇస్తారు. పొద్దున లేచింది మొదలు పడుకునే దాకా పెట్టుకోవాలి. కొంతమందికి వాటితోనే చూపు సరిపోతుంది, ప్యాచ్ (కంటిని మూసే పట్టీ) అక్కర్లేదు.

ప్యాచ్ బాగున్న కంటికి వేయాలి, అప్పుడే మెదడుకు రెండో కన్నును వాడక తప్పదు. ఇంట్లో గొడవ ఇక్కడే మొదలవుతుంది. "మంచి కన్ను మూసేస్తారేంట్రా" అని నాయనమ్మ అడగడం సహజమే, ఆవిడకు కూడా పైన చెప్పిన కాగితం పరీక్ష చేసి చూపించండి. ప్యాచ్‌ను చర్మానికే అంటించి పైన అద్దాలు పెట్టాలి. అద్దానికి అంటిస్తే పక్కలనుంచి చూసేస్తారు. ఎన్ని గంటలో డాక్టరే చెబుతారు. ఓ మాదిరి లేజీ ఐకి రోజూ 2 గంటలు వేసినా 6 గంటలు వేసినా ఫలితం దాదాపు ఒకటేనని 2003లో అమెరికాలో చేసిన పరిశోధనలో తేలింది. కాబట్టి గంటలు పెంచేస్తే త్వరగా తగ్గుతుందని టెన్షన్ పడి మీరే పెంచకండి, మంచి కంటి చూపు దెబ్బతినొచ్చు. ప్యాచ్ బొత్తిగా పడనివాళ్లకు మంచి కంట్లో చూపును మసక చేసే అట్రోపిన్ చుక్కలు వేసే పద్ధతి కూడా ఉంది.

ఆ రెండు గంటలూ చేతికి ఏదైనా పని ఇవ్వండి. కాగితం మీద చుక్కల ముగ్గు కలపడం, బియ్యంలో రాళ్లు ఏరడం, బొమ్మల్లో రంగులు నింపడం, ఏదైనా సరే. ఆ కంటితో చుక్క నుంచి చుక్కకు గీత తిన్నగా పోకపోతే కసరకండి. ప్యాచ్ ఉండగా సైకిల్ మాత్రం వద్దు, మూసిన వైపు నుంచి వచ్చే బండి కనిపించదు.

చూపు వచ్చేసింది కదా అని ఒక్కసారిగా ఆపేయడం చాలామంది చేసే పొరపాటు. ఆపేసిన ఏడాదిలోపు దాదాపు నలుగురిలో ఒకరికి చూపు మళ్లీ తగ్గుతుంది. ఎక్కువ గంటలు వేస్తున్నవాళ్లకు ముందు రెండు గంటలకు తగ్గించి, తర్వాత ఆపితే ఈ ముప్పు తక్కువ. ఏడేళ్ల లోపు మొదలుపెడితే ఫలితం బాగుంటుంది. పదేళ్లు దాటినా, టీనేజీలో ఉన్నా, ఇంతకుముందు చికిత్స జరగకపోతే డాక్టరును అడగడం మానకండి. ఆ వయసులోనూ కొందరికి చూపు మెరుగైంది.