కణంలో రసాయనం, 4వ పాఠం: చుట్ట విప్పుకోవడం వేరు, గొలుసు తెగడం వేరు

ఈసారి పాఠం ప్రోటీన్లు. అయితే పోయినసారి ఇచ్చిన గంజి ప్రయోగం చాలామందికి కుదరలేదు కాబట్టి ముందు దాని సంగతి తేల్చుకుందాం. ఎలాగూ అది ప్రోటీన్ల దగ్గరికే తీసుకెళ్తుంది.

టించర్ అయోడిన్ చుక్క వేస్తే గంజి ముదురు నీలంగా మారుతుందని రాశాను. రంగు రాలేదన్నవాళ్లలో ఎక్కువమంది అప్పుడే వార్చిన వేడి గంజిలో వేశారు. చల్లారాక వేయమని చెప్పకపోవడం నా పొరపాటు. ఆ గిన్నె పారబోయకుండా అలాగే ఉంచినవాళ్లకు మాత్రం కాసేపటికి నీలం కనిపించింది. ఒకరు నిమ్మకాయ పులిహోర మీద వేసి చూశారు. నిమ్మరసంలోని విటమిన్ సి అయోడిన్‌ను అయొడైడ్‌గా మార్చేస్తుంది కాబట్టి అక్కడ రంగు నిలవదు.

వేడి గంజిలో జరిగేది ఇదీ. స్టార్చ్‌లో అమైలోజ్ అనే పొడవాటి గ్లూకోజ్ గొలుసు ఉంటుంది. అది మెట్లమలుపులా చుట్ట తిరుగుతుంది, ఒక్కో మలుపుకు సుమారు ఆరు గ్లూకోజ్‌లు. ఆ చుట్ట లోపల అయోడిన్ కూర్చుంటేనే నీలం. వేడికి చుట్ట సడలి అయోడిన్ బయటికొస్తుంది, చల్లారితే మళ్లీ లోపలికి చేరుతుంది. గొలుసు మాత్రం ఎక్కడా తెగలేదు.

అదే చల్లారిన గంజిలో కాస్త ఉమ్మి కలిపి, అరగంట ఆగి అయోడిన్ వేయండి. నీలం రాదు, ఎంతసేపు ఆగినా రాదు. ఉమ్మిలోని అమైలేజ్ అనే ఎంజైము గొలుసునే ముక్కలు చేసింది. ఈ రెండింటి తేడా పట్టుబడితే ఈరోజు పాఠంలో సగం వచ్చినట్టే.

ఇక ప్రోటీన్లు. ఇవీ గొలుసులే, గ్లూకోజ్‌లకు బదులు అమైనో ఆమ్లాలతో కట్టినవి. అమైనో ఆమ్లం నిర్మాణం ఇంటర్ పుస్తకంలో బొమ్మతో సహా ఉంటుంది, మళ్లీ గీయను. 20 రకాల పేర్లూ బట్టీ పట్టమనను. గ్లైసిన్, అలనిన్, సిరీన్, లైసిన్, సిస్టీన్, ఈ ఐదూ తెలిస్తే ప్రస్తుతానికి చాలు. గొలుసు రాసేటప్పుడు నేనైతే ఎప్పుడూ అమైనో కొసను (NH2 ఉన్న వైపు) ఎడమవైపు, కార్బాక్సిల్ కొసను (COOH ఉన్న వైపు) కుడివైపు రాస్తాను. మీరూ అలాగే అలవాటు చేసుకోండి, వరస తారుమారు కాదు. లెక్క పాతదే: రెండు గ్లూకోజ్‌లు కలిస్తే అణుభారం 360 కాదు, ఒక నీటి అణువు పోయి 342 అవుతుందని చూశాం. ఇక్కడా రెండు అమైనో ఆమ్లాలను కలిపే ప్రతి పెప్టైడ్ బంధానికీ ఒక నీటి అణువు, అంటే 18, బయటికి పోతుంది.

ఇప్పుడు నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పదలచుకున్న మాట. "గుడ్డు ఉడికిస్తే ప్రోటీన్లు అమైనో ఆమ్లాలుగా విడిపోతాయి" అని జవాబు పత్రాల్లో ఏళ్ల తరబడి చూస్తున్నాను. అది తప్పు.

తెల్లసొనలో ఎక్కువగా ఉండే ఓవాల్బుమిన్ 385 అమైనో ఆమ్లాల గొలుసు. పచ్చి గుడ్డులో అది చిన్న ఉండలా మడతపడి ఉంటుంది, నీటికి గిట్టని భాగాలు చాలావరకు లోపల దాక్కుంటాయి. వేడికి మడతలు విప్పుకుంటాయి, దీన్నే డీనేచురేషన్ అంటారు. దాక్కున్న భాగాలు బయటపడి పక్క గొలుసుల్లోని అలాంటి భాగాలకే అతుక్కుంటాయి. అలా అల్లుకున్న వలలో నీరు చిక్కుకుని తెల్లసొన గట్టిపడుతుంది. 385 అమైనో ఆమ్లాలూ అదే వరసలో, అవే పెప్టైడ్ బంధాలతో అలాగే ఉన్నాయి.

ఆ బంధాలు తెంచడం అంత తేలిక కాదు. ప్రయోగశాలలో ప్రోటీన్‌ను పూర్తిగా అమైనో ఆమ్లాలుగా విడగొట్టాలంటే 6 నార్మల్ గాఢత గల హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో 110 డిగ్రీల వద్ద 24 గంటలు ఉంచడం మామూలు పద్ధతి. మన గుడ్డు ఉడికేది పది నిమిషాలు, అదీ ఉత్త నీళ్లలో.

జున్నుపాలు ఆవిరి మీద గట్టిపడటం, నిమ్మరసానికి పాలు విరగడం, ఇవి కూడా గొలుసు తెగని మార్పులే. పాలలో కేసిన్ రేణువులు రుణావేశం వల్ల ఒకదాన్నొకటి దూరం నెట్టుకుంటాయి. పులుపు పెరిగి పీహెచ్ 4.6 దగ్గరికి వచ్చేసరికి ఆ ఆవేశం పోయి ముద్దకడతాయి. గొలుసు తెగడం చూడాలంటే మాంసానికి పచ్చి బొప్పాయి ముద్ద పట్టించి చూడండి. హైదరాబాద్ వంటగాళ్లకు ఇది బాగా తెలిసిన పని. బొప్పాయిలోని పాపైన్ నిజంగానే పెప్టైడ్ బంధాలను కోస్తుంది, అందుకే ఎక్కువసేపు ఉంచితే ముక్క పిండిలా అయిపోతుంది. మన పొట్టలో పెప్సిన్, చిన్నపేగులో ట్రిప్సిన్ చేసేదీ ఈ కోతే. ఉడికిన గుడ్డు పచ్చిదానికంటే బాగా అరగడానికి ఒక కారణం, విప్పుకున్న గొలుసు ఈ ఎంజైములకు సులువుగా అందడం.

విప్పుకున్న గొలుసు మళ్లీ మడతపడుతుందా? పడుతుందని క్రిస్టియన్ అన్ఫిన్సెన్ అనే అమెరికా శాస్త్రవేత్త చూపించాడు. 124 అమైనో ఆమ్లాల రైబోన్యూక్లియేజ్ అనే ఎంజైమును యూరియాతో విప్పి, లోపలి సల్ఫర్ బంధాలను కూడా విడగొట్టాడు. వాటికి వాడిన రసాయనాలను తొలగించాక అది తనంతట తానే పాత ఆకారానికి వచ్చి మళ్లీ పనిచేసింది. ఆకారం ఎలా ఉండాలో ఆ అమైనో ఆమ్లాల వరసలోనే ఉందన్నమాట. 1972లో ఆయనకు నోబెల్ వచ్చింది. గుడ్డులో గొలుసులు కిక్కిరిసి ఒకదానికొకటి చిక్కుపడతాయి కాబట్టి చల్లారినా వెనక్కి రాదు. గంజికీ గుడ్డుకూ తేడా అక్కడే.

అభ్యాసం. పెన్సిల్‌తో చేయండి, కొట్టివేతలు తప్పవు.

గ్లైసిన్ 75, అలనిన్ 89, సిరీన్ 105. మూడింటినీ ఒక్కోసారి వాడి ఎన్ని రకాల ట్రైపెప్టైడ్‌లు వస్తాయో వరసలన్నీ రాయండి. ఒక్కోదాని అణుభారం కట్టండి. అన్నీ 233 రావాలి. భారం ఒకటే అయినప్పుడు అవి వేరువేరు పదార్థాలు ఎలా అయ్యాయో రెండు వాక్యాల్లో రాయండి.

ఇన్సులిన్‌లో 51 అమైనో ఆమ్లాలు, 21 ఒక గొలుసు, 30 ఇంకొకటి. సల్ఫర్ బంధాలను పక్కనపెట్టి, ఈ రెండు గొలుసులనూ విడివిడిగా కట్టినప్పుడు మొత్తం ఎన్ని నీటి అణువులు బయటికి పోతాయి? జవాబు 50 వచ్చినవాళ్లు గొలుసులు ఎన్నో మళ్లీ చూసుకోండి.