బీరువాలోని పాత డిజిటల్ కెమెరాతో ఫొటోలు తీయాలంటే

ఈమధ్య మా స్టూడియోకి కాలేజీ పిల్లలు వాళ్ల నాన్నల కెమెరాలు పట్టుకొస్తున్నారు. 2002, 2003 నాటివి, రెండు మూడు మెగాపిక్సెళ్లవి. "వీటితో ఫిల్మ్ లుక్ వస్తుందట కదా అంకుల్, ఎలా తీయాలి?" అని అడుగుతారు. నేను 1991 నుంచి తణుకులో పెళ్లిళ్లు తీస్తున్నాను. పదమూడేళ్లు ఫిల్మ్ రోల్స్ మీద, 2004 నుంచి డిజిటల్ మీద. ఆ పిల్లలకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను. ఒక్కటి మాత్రం మొదటే చెప్పాలి: వెలుతురు విషయంలో ఈ కెమెరా ఫిల్మ్‌కు పూర్తిగా ఎదురు. అది పట్టుబడితే మిగతావి తేలిక.

ముందు సెల్లులు. మామూలు పెన్సిల్ సెల్లులు వేస్తే పది ఫొటోలు కూడా తీయకుండానే ఆగిపోవచ్చు. కెమెరా పాడైందనుకోకండి, ఈ కెమెరాలు ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతాయి. నికెల్ మెటల్ హైడ్రైడ్ అని రాసున్న రీఛార్జబుల్ సెల్లులు కొనండి. సెల్లులు పెట్టే చోట తెల్లటి పొడి పేరుకుని ఉంటే వెనిగర్ అద్దిన దూదిపుల్లతో తుడిచి, బాగా ఆరాకే వేయండి.

తర్వాత మెమరీ కార్డు. 2006కు ముందు ఎస్డీ కెమెరాలు పెద్ద కార్డుల్ని గుర్తుపట్టవు. 2 జీబీ లేదా అంతకంటే చిన్నది వెతకండి. దాన్ని కంప్యూటర్లో కాదు, కెమెరాలోనే ఫార్మాట్ చేయాలి. అయితే ఫార్మాట్ కొట్టేముందు పాత కార్డులో ఏముందో తప్పకుండా చూడండి. నిరుడు ఒకమ్మాయి తెచ్చిన కార్డులో వాళ్ల తాతయ్య షష్టిపూర్తి ఫొటోలు పదకొండు దొరికాయి. ఆయన ఇప్పుడు లేరు.

ఇక అసలు విషయం. 2004 మాఘమాసంలో నేను డిజిటల్ మీద తీసిన మొదటి పెళ్లి. పెళ్లికూతురు మధుపర్కాలు కట్టుకుని పీటల మీదికొచ్చింది. తెల్లటి నేత చీర, ఎర్రంచు. ఫ్లాష్ అలవాటు కొద్దీ కాస్త ఎక్కువే వేశాను. ఫిల్మ్ రోజుల్లో మా లెక్క అదే: అనుమానముంటే ఒక స్టాప్ ఎక్కువివ్వు, అంటే వెలుతురు రెట్టింపు చెయ్యి. కలర్ నెగెటివ్ రెండు స్టాపులు ఎక్కువైనా తట్టుకుంటుంది. ల్యాబ్‌లో ప్రింట్ వేసేటప్పుడు సరిచేస్తే నేత పోగులు కూడా కనిపించేవి. వెలుతురు తక్కువైతేనే భయం, నెగెటివ్ పల్చబడి నీడలు బురదబురదగా వచ్చేవి.

ఆ తెల్లవారుజామున ఇంటికొచ్చి కంప్యూటర్లో తెరిచాను. ఎర్రంచు ఉంది, దాని పైన చీర లేదు. మడత లేదు, పోగు లేదు, భుజం మీద పడ్డ పసుపు మరక లేదు. తెల్లకాగితం కత్తిరించి అతికించినట్టు ఉంది. సాఫ్ట్‌వేర్‌లో ఎంత తగ్గించినా ఆ తెలుపు బూడిదరంగుకు తిరిగింది గానీ నేత రాలేదు. సెన్సర్ (ఫిల్మ్ బదులు వెలుతురు పట్టే చిప్పు) మీద ఒక్కో గడి ఒక చిన్న చెంబు లాంటిది. నిండాక ఎంత పోసినా లెక్కలోకి రాదు. ఫిల్మ్ అలా టక్కున నిండదు, ఎక్కువ వెలుతురుకు మెల్లమెల్లగా లొంగుతుంది. ఆ ఆల్బమ్ ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

అందుకని ఫ్రేములో తెల్లనిది ఏముందో ముందు చూడండి: పంచె, గోడ, మబ్బు, మల్లెపూలు. ప్లస్, మైనస్ గుర్తులున్న బటన్ నొక్కి ఎక్స్‌పోజర్‌ను మైనస్ 0.7కి దించండి. మిట్టమధ్యాహ్నమైతే మైనస్ 1. ఫొటో తీశాక ప్లే మోడ్‌లో హిస్టోగ్రామ్ (ఫొటోలోని నలుపును ఎడమ వైపు, తెలుపును కుడి వైపు చూపే బొమ్మ) తెరవండి. ఆ కొండలాంటి గీత కుడిగోడను గుద్దుకుని నిలబడితే తెలుపు పోయినట్టే, ఇంకా దించి మళ్లీ తీయండి. ఎండలో స్క్రీన్ మీద బొమ్మ చూసి మాత్రం నిర్ణయించుకోకండి. నీడలు కాస్త నల్లబడినా పర్వాలేదు, తర్వాత లేపుకోవచ్చు.

ఐఎస్ఓ, అంటే వెలుతురుకు కెమెరా ఎంత చురుగ్గా స్పందించాలో చెప్పే అంకె, 100 దగ్గరే ఉంచండి. 400 ఫిల్మ్‌లో గ్రెయిన్, అంటే ఆ సన్నటి రవ్వ, నాకు అందంగానే కనిపించేది. ఈ కెమెరాల్లో 400 పెడితే నీడల్లో ఎరుపు, నీలం చుక్కలు వస్తాయి. అది ఫిల్మ్ లుక్ కాదు.

రంగు సంగతి. వీడియో లైటు పసుపు, ట్యూబులైటు ఆకుపచ్చ ఫిల్మ్ మీద కూడా పడేవి. కానీ మా వెనకాల ల్యాబ్‌లో ప్రింట్ వేసే మనిషి ఉండేవాడు, చాలావరకు ఆయనే సరిచేసేవాడు. ఇప్పుడు ఆ పని మీదే. వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదలకుండా బల్బు కింద బల్బు గుర్తు, ఎండలో సూర్యుడి గుర్తు పెట్టండి.

ఇక ఆలస్యం. 1975లో కొడాక్‌లో స్టీవెన్ సాసన్ తయారుచేసిన డిజిటల్ కెమెరాకు ఒక్క ఫొటోను క్యాసెట్ టేపు మీదికి ఎక్కించడానికి 23 సెకన్లు పట్టేది. మీ చేతిలోది అంత నిదానం కాదు గానీ, బటన్ నొక్కాక ఫోకస్ వెతుక్కునేలోపు తలంబ్రాలు నేల మీద ఉంటాయి. వధూవరుల మీద బటన్ సగం నొక్కి పట్టుకోండి, ఫోకస్ కుదురుతుంది. దోసిలి పైకి లేవడం మొదలవగానే మిగతా సగం నొక్కండి. బియ్యం పడేదాకా ఆగితే అయిపోయింది. ఒకటి తీశాక కార్డులోకి రాసుకునే ఎర్రలైటు ఆరేదాకా కార్డు తీయకండి.

మీది లెన్స్ మార్చుకునే పెద్ద కెమెరా అయితే ఇంట్లో ఉన్న పాత ఫ్లాష్ దాని మీద బిగించకండి. కొన్ని పాత ఫ్లాష్‌ల ట్రిగ్గర్ ఓల్టేజీ (ఫ్లాష్ నుంచి కెమెరా కాంటాక్టుల మీద పడే ఓల్టేజీ) 200 దాటుతుంది, కెమెరా లోపలి సర్క్యూట్ కాలిపోవచ్చు.

ప్రింట్లు వేయించండి. 2 మెగాపిక్సెళ్లంటే 1600 బై 1200, పోస్ట్‌కార్డు సైజుకు హాయిగా సరిపోతుంది. కాకపోతే ఈ చిన్న కెమెరాల ఫ్రేము ఫిల్మ్ ఫ్రేము కంటే చదరంగా ఉంటుంది. 4 బై 6 కాగితం మీద వేస్తే పైన, కింద తెగుతుంది. తీసేటప్పుడే తల పైన బెత్తెడు ఖాళీ వదలండి, లేదా తెల్ల బోర్డర్‌తో ఫ్రేము మొత్తం వేయమని ల్యాబ్‌లో అడగండి. లోపలి చిన్న సెల్లు చచ్చిపోయి ఉంటే కెమెరాలో తేదీ మాటిమాటికీ మొదటికి పోతుంది, కాబట్టి ప్రింట్ వెనకాల సీడీ మార్కర్‌తో తేదీ, ఊరు, మనుషుల పేర్లు మీరే రాయండి.