సదస్సు తేదీ ఖరారు చేసే ముందు

బడి మానేసే ప్రమాదమున్న పిల్లలతో పనిచేసే ఉపాధ్యాయులకు విజయనగరంలో శిక్షణ సదస్సు పెడుతున్నారా? ముందుగా ఇవి చూసుకోండి.

• దసరా తర్వాతి మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి జాతర, సిరిమానోత్సవం. ఆ వారం గదులు దొరకడం కష్టం. అక్టోబరు, నవంబరు తుపానుల కాలం కూడా.

• పిల్లల ఉదంతాలు చెప్పేటప్పుడు పేరు, ఊరు, ఫొటో తెరపైకి రాకూడదు. సంరక్షణ అవసరమైన పిల్లల గుర్తింపు బయటపెట్టడాన్ని 2015 బాలల న్యాయ చట్టం, 74వ సెక్షన్ నిషేధించింది. ‘చెన్నైకి వలసపోయిన మేస్త్రీ కూతురు’ అన్నా చిన్న ఊళ్లో ఇట్టే తెలిసిపోతుంది. వక్తల స్లైడ్లు ముందురోజే తెప్పించుకుని ఒక్కొక్కటీ చూడండి. ఎంత పెద్దవారైనా సరే, మొహమాటం వద్దు.

• పిల్లలను వేదికెక్కించి కష్టాలు చెప్పించవద్దు. అది శిక్షణ కాదు, హింస.

• సదస్సుకు వచ్చినవారికి ఇచ్చే ప్రతి సంచిలో పిల్లల సహాయవాణి 1098 నంబరు ఉండాలి.

• రాజాం, శృంగవరపుకోట వైపు వెళ్లేవారికి బస్సు అందేలా ముగించండి.