హైవే ఎక్కగానే బండి హీటెక్కుతోందా? ఎండాకాలం ప్రయాణానికి ముందే తీసుకోవాల్సిన జాగ్రత్తలు

ఆఫ్‌రోడ్ కోసం మార్పులు చేయించిన బండి మట్టిదారిలో, రాళ్ల మధ్య మొదటి గేరులో గంటలకొద్దీ పాకినా టెంపరేచర్ ముల్లు కదలదు. అదే బండి హైవే ఎక్కి 100 దాటిందంటే పది పదిహేను నిమిషాల్లో ముల్లు పైకి పాకడం మొదలుపెడుతుంది. ఇది చూడగానే చాలామంది నోట వచ్చే మొదటి మాట 'ఫ్యాన్ పోయినట్టుంది'. అనుమానం సహజమే గానీ, ఈ లక్షణానికి అది సాధారణంగా తప్పుదారి. మెల్లగా వెళ్తున్నప్పుడు, ట్రాఫిక్‌లో ఆగినప్పుడు రేడియేటర్‌లోకి గాలి లాగే పని ఫ్యాన్‌ది. వేగం 60, 70 దాటాక ఆ పని ఎదురుగాలే చేసేస్తుంది. కాబట్టి ట్రాఫిక్‌లో వేడెక్కి హైవే మీద చల్లబడే బండికి ఫ్యాన్ చూడాలి. మెల్లగా పోతే బాగానే ఉండి వేగంలో మాత్రమే వేడెక్కే బండికి గాలి వచ్చే దారి, కూలెంట్ (ఇంజిన్ వేడిని రేడియేటర్‌కి మోసే ద్రవం) తిరిగే తీరు, ఇంజిన్ మీద పడుతున్న భారం చూడాలి.

సామాను నింపుకుని, ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని, మిట్టమధ్యాహ్నం ఎండలో రోడ్డు పక్కన బానెట్ ఎత్తి నిలబడ్డాక ఈ వెతుకులాట మొదలుపెడితే టెన్షన్ తప్ప ఏమీ తేలదు. ప్రయాణానికి రెండు మూడు వారాల ముందే పెట్టుకోండి. విడిభాగం ఏదైనా తెప్పించాల్సి వచ్చినా టైమ్ ఉంటుంది.

ముందు అసలు వేడి ఎంతో తెలియాలి

కంపెనీ మీటర్లో ముల్లు చాలా బండ్లలో నిజం చెప్పదు. మామూలు వేడి పరిధి అంతటా మధ్యలోనే నిలబడేలా దాన్ని తయారు చేస్తారు. అది కదిలేసరికి వేడి అప్పటికే బాగా పెరిగిపోయి ఉంటుంది. బండికి ఓబీడీ పోర్టు (ఇంజిన్ వివరాలు చదివే సాకెట్) ఉంటే చిన్న రీడర్ తగిలించి ఫోన్లో డిగ్రీలు చూడండి. పాత బండైతే విడిగా ఒక మెకానికల్ గేజ్ పెట్టించుకోవడం మంచిది.

మార్పులు చేసిన బండ్లలో ఇంకో తిరకాసు ఉంది. అదనపు లైట్లు, విన్చ్ (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే యంత్రం), టైర్లకు గాలి కొట్టే కంప్రెసర్ అన్నింటికీ ఎర్త్ వైర్లు ఎక్కడ దొరికితే అక్కడ బిగించేస్తారు. ఎర్త్ సరిగా లేకపోతే సెన్సర్ రీడింగ్ తప్పు వస్తుంది. లైట్ బార్ స్విచ్ వేయగానే ముల్లు ఒక్క గెంతు గెంతితే అది వేడి కాదు, వైరింగ్. ఇంజిన్ అంత త్వరగా వేడెక్కదు.

మనం తగిలించినవే మొదటి అనుమానితులు

నన్నడిగితే పెద్ద రేడియేటర్ కొనే ముందు, కంపెనీ నుంచి వచ్చాక బండికి ఏమేం చేర్చారో, ఏమేం తీసేశారో ఒక కాగితం మీద రాయాలి. బండి కొత్తలో హైవే మీద వేడెక్కేది కాదు కదా. మరి ఆ తర్వాత ఏం మారింది?

ముందు భారం సంగతి. గాలిని చీల్చుకుని వెళ్లడానికి కావాల్సిన పవర్ వేగంతో పాటు సమానంగా పెరగదు, వేగం ఘనంతో పెరుగుతుంది. 80 నుంచి 110కి వెళ్తే వేగం పెరిగింది మూడో వంతు పైచిలుకే, కానీ గాలి కోసం పెట్టే పవర్ రెండున్నర రెట్లు దాటుతుంది. దానికి రూఫ్ రాక్, పైన టెంట్, లిఫ్ట్ కిట్ (బండి ఎత్తు పెంచే భాగాలు) కలిస్తే చెప్పక్కర్లేదు. ఇంజిన్‌లో మండే ఇంధనం వేడిలో దాదాపు మూడో వంతు కూలెంట్‌లోకే పోతుంది. అంటే భారం పెరిగినంత మేరా రేడియేటర్ మీద పని పడుతుంది.

టైర్లు అందరూ మర్చిపోయే విషయం. 31 అంగుళాల టైర్లు తీసి 35 వేస్తే, స్పీడోమీటర్ సరిచేయించకపోతే, అది 100 చూపిస్తున్నప్పుడు మీరు నిజానికి 113 దగ్గర వెళ్తున్నారు. పైగా పెద్ద టైర్ల వల్ల గేర్ పొడవైనట్టే. టాప్ గేర్లో ఇంజిన్ తక్కువ ఆర్‌పీఎంలో మూలుగుతూ లాగుతుంది, దాంతో పాటే వాటర్ పంపూ నెమ్మదిగా తిరుగుతుంది. ఆటోమేటిక్ బండైతే టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్లకు అందించే భాగం) లాక్ పడుతూ ఊడుతూ ఉంటుంది. అప్పుడు పుట్టే గేర్ ఆయిల్ వేడి, ఆయిల్ కూలర్ రేడియేటర్ ట్యాంకులోనే ఉన్న బండ్లలో, నేరుగా కూలెంట్‌లోకే చేరుతుంది. అలాంటి బండికి డిఫరెన్షియల్ గేర్లు (ఇరుసులో ఉండేవి) మార్చడమో, గేర్ ఆయిల్‌కి విడిగా కూలర్ పెట్టడమో అసలు మందు. రేడియేటర్ పెద్దది చేయడం కాదు.

ఇక గాలి. విన్చ్, స్టీల్ బంపర్, గుండ్రటి పెద్ద లైట్లు, గ్రిల్ ముందు లైట్ బార్... ఇవన్నీ రేడియేటర్ మొహానికి అడ్డం. దీనికి ఖర్చులేని పరీక్ష ఉంది. విన్చ్ కవర్, లైట్లు, వీలైతే లైట్ బార్ విప్పి, అదే రోడ్డు మీద, అదే పూట, అదే వేగంతో మళ్లీ నడపండి. ఐదారు డిగ్రీలు తగ్గితే దొంగ దొరికినట్టే.

కనపడని అడ్డాలు కూడా ఉన్నాయి. ముందు బంపర్ కింద కంపెనీ ఇచ్చే ప్లాస్టిక్ పలక రాళ్లకు తగులుతోందని చాలామంది పీకేస్తారు. అది అందం కోసం పెట్టింది కాదు. బండి కిందికి పోయే గాలిని ఆపి రేడియేటర్ వెనక ఒత్తిడి తగ్గిస్తుంది, దానివల్లే ముందు గాలి లోపలికి లాగబడుతుంది. రేడియేటర్ పక్కల, పైన ఉండే రబ్బరు, ఫోమ్ పట్టీలూ అంతే. అవి లేకపోతే గాలి రేడియేటర్‌లోంచి కాకుండా పక్కనుంచి జారిపోతుంది.

బానెట్ వెనక భాగం కింద వాషర్లు పెట్టి రెండు వేళ్ల ఎత్తు లేపడం ఒక ఫ్యాషన్. వేడి బయటికి పోతుందని. నిలబడ్డ బండిలో పోతుంది, నిజమే. కానీ వేగంలో విండ్‌షీల్డ్ మొదట్లో గాలి ఒత్తిడి ఎక్కువగా ఉంటుంది. ఆ సందులోంచి గాలి బయటికి రాదు సరికదా, లోపలికే వస్తుంది. రేడియేటర్ దాటి వచ్చే గాలికి ఎదురు నిలుస్తుంది. మీ బండికి ఇది చేయించి ఉంటే ముందు దించేసి చూడండి.

ఫ్యాన్ సంగతి పూర్తిగా వదలక్కర్లేదు. పాత బెల్ట్ ఫ్యాన్ తీసి ఎలక్ట్రిక్ ఫ్యాన్లు పెట్టించి ఉంటే, వాటి వెనక పలక రేడియేటర్ మొత్తాన్ని మూసేసి ఫ్యాన్ల గుండ్రాలు మాత్రమే తెరిచి ఉంచితే, హైవే మీద ఎదురుగాలికి అదే అడ్డుగోడ అవుతుంది. మంచి రకాల్లో వేగంలో తెరుచుకునే రబ్బరు రెక్కలు ఉంటాయి. వైర్లు తారుమారైతే ఫ్యాన్ వెనక్కి తిరిగి గాలిని ముందుకు తోస్తుంది. ఐడిల్‌లో ఫ్యాన్ తిరుగుతున్నప్పుడు గ్రిల్ ముందు ఒక కాగితం పెట్టండి. అతుక్కోవాలి. ఎగిరి పడితే వైర్లు మార్చాలి.

బురద దాక్కునే చోటు

ముందు నుంచి చూస్తే అంతా శుభ్రంగానే కనిపిస్తుంది. కనిపించేది ఏసీ కండెన్సర్. రేడియేటర్ దాని వెనక ఉంటుంది. ఆ రెండిటి మధ్య వేలు దూరని సందులో ప్రతి బురద రైడ్ తర్వాతా కొంచెం కొంచెం మట్టి, గడ్డి విత్తనాలు, పురుగులు చేరి ఎండిపోతాయి. పై బోల్టులు విప్పి కండెన్సర్‌ని కాస్త ముందుకు వంచి, టార్చ్ వేసి చూస్తే గోధుమరంగు అట్టలాగా కనబడుతుంది. ఈ మట్టిని ఇంజిన్ వైపు నుంచి బయటికి, తక్కువ ఒత్తిడి నీళ్లతో కడగాలి. ప్రెషర్ వాషర్ దగ్గరగా పెడితే రేకులు పడుకుంటాయి, అప్పుడు మట్టి పోయినా గాలి పోదు. మట్టి గట్టిపడి ఉంటే ముందు తడిపి అరగంట నాననివ్వండి. ఏసీ పైపుల్ని మాత్రం విప్పొద్దు, వంచొద్దు.

కూలెంట్ సరిగా తిరుగుతోందా

రేడియేటర్ కింది హోస్‌తో (రబ్బరు పైపు) మొదలుపెడదాం. చాలా బండ్లలో వాటర్ పంపు కూలెంట్‌ని ఈ పైపు నుంచే లాగుతుంది. ఐడిల్‌లో ఆ లాగుడు తక్కువ. ఆర్‌పీఎం పెరిగితే ఎక్కువ. రబ్బరు మెత్తబడి, లోపలి స్ప్రింగ్ తుప్పు పట్టిపోతే, వేగంలో పైపు చప్పబడి కూలెంట్ దారి మూసుకుపోతుంది. ఆపి చూస్తే మళ్లీ మామూలే, అందుకే మెకానిక్ దగ్గర దొరకదు. ఇంజిన్ వేడెక్కాక ఒకరు లోపల కూర్చుని 3000 దాకా రేస్ చేసి పట్టుకుంటే, ఇంకొకరు బానెట్ దగ్గర నిలబడి, చేతులు, బట్టలు ఫ్యాన్‌కీ బెల్టుకీ దూరంగా ఉంచుకుని, ఆ పైపునే చూడాలి. నడుము లోపలికి పీల్చుకుపోతుంటే కొత్తది వేయాల్సిందే.

థర్మోస్టాట్ (వేడిని బట్టి తెరుచుకుని కూలెంట్‌ని రేడియేటర్‌కి వదిలే వాల్వ్) సగమే తెరుచుకుంటే అదీ సరిగ్గా ఈ లక్షణమే ఇస్తుంది. మెల్లగా పోయేటప్పుడు ఆ సగం చాలుతుంది, వేగంలో చాలదు. విప్పి, దారం కట్టి, గిన్నె అడుగు తగలకుండా నీళ్లలో వేలాడదీసి, థర్మామీటర్ పెట్టి కాచండి. దాని మీద 82 అనో 88 అనో అంకె ఉంటుంది. ఆ దగ్గర్లో తెరుచుకోవడం మొదలై, ఇంకో పదీ పన్నెండు డిగ్రీలకు పూర్తిగా విచ్చుకోవాలి. థర్మోస్టాట్ తీసిపారేస్తే సరిపోతుందని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. వినొద్దు. కొన్ని ఇంజిన్లలో అది తెరుచుకున్నప్పుడే బైపాస్ దారి మూసుకుంటుంది. తీసేస్తే కూలెంట్‌లో చాలా భాగం రేడియేటర్‌కి వెళ్లకుండానే తిరిగొచ్చి ఇంజిన్ ఇంకా వేడెక్కుతుంది.

రేడియేటర్ మూత చిన్న వస్తువే, కానీ దాని పని పెద్దది. సగం నీళ్లు, సగం కూలెంట్ కలిపిన మిశ్రమం మామూలుగా 107 డిగ్రీల దగ్గర మరుగుతుంది. 1 బార్ ఒత్తిడి నిలిపే మూత ఉంటే అది 125 దాటుతుంది. రబ్బరు పగిలిన మూత ఆ గ్యాపంతా మింగేస్తుంది. అనుమానం ఉంటే పరీక్షలు పెట్టుకోకుండా అదే రేటింగ్ ఉన్న కొత్తది వేసేయండి. కూలెంట్ సగానికి మించి ఎక్కువ పోస్తే ఇంకా చల్లగా ఉంటుందనుకోవడం కూడా పొరపాటే. నీళ్లు వేడిని మోసినంత బాగా అది మోయదు. కూలెంట్ మార్చాక బండి ముక్కు ఎత్తుగా నిలిపి, హీటర్ పూర్తిగా తెరిచి, గాలి బుడగలు పోయేదాకా ఓపిక పట్టాలి.

రేడియేటర్ లోపల పేరుకుపోతే బయటికి తెలియదు. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఉంటే వేడి ఇంజిన్ మీద రేడియేటర్ అంతటా కొలవండి. మధ్యలో ఎక్కడైనా చల్లటి మచ్చ కనిపిస్తే అక్కడ గొట్టాలు మూసుకుపోయాయి.

టెస్ట్ డ్రైవ్ ఇలా చేయండి

ఏసీ ఆపి 80 దగ్గర పది నిమిషాలు, తర్వాత 100 దగ్గర పది నిమిషాలు వెళ్లండి. పక్కన కూర్చున్నవాళ్లు వేగం, గేర్, ఆర్‌పీఎం, డిగ్రీలు రాసుకోవాలి. నడిపేవారు ఫోన్ చూడొద్దు. తర్వాత అదే 100 వేగంలో ఒక గేర్ తగ్గించి చూడండి. నాకు ఎక్కువ నచ్చే పరీక్ష ఇదే. గాలి అంతే, భారం అంతే, మారింది పంపు వేగం ఒక్కటే. వేడి తగ్గితే ఇంజిన్ టాప్ గేర్లో మూలుగుతోందని, లేదా పంపు అరిగి బలహీనపడిందని అర్థం. ఇంకా పెరిగితే కింది హోస్ చప్పబడటం మీద అనుమానం పెట్టుకోండి. ఏ మార్పూ లేకుండా, వేగం తగ్గించిన కాసేపటికే దిగిపోతుంటే గాలి, భారం వైపు వెళ్లండి.

దిగాక నాలుగు చక్రాల దగ్గరా చేయి తగలకుండా వేడి చూడండి. ఒకటి మిగతావాటికంటే మరీ వేడిగా ఉంటే ఆ బ్రేకు పట్టేస్తోంది. బురదలో తిరిగే బండికి ఇది మామూలే. ఫోర్ వీల్ లివర్ టూ వీల్‌లోనే ఉందో లేదో కూడా ఓసారి చూడండి, నవ్వొద్దు.

పైవేవీ కాకుండా కూలెంట్ కొంచెం కొంచెంగా తగ్గుతూ, పొద్దున్నే చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన ఒకటి రెండు నిమిషాలకే పై హోస్ రాయిలా గట్టిపడుతూ, లేదా తెరిచిన రేడియేటర్ నోట్లో బుడగలు ఆగకుండా వస్తూ ఉంటే హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకీ హెడ్‌కీ మధ్య ఉండే సీలు) పోయిందేమోనని అనుమానించాలి. నీలం రంగు ద్రవంతో గ్యాస్ పరీక్ష మెకానిక్ పది నిమిషాల్లో చేస్తాడు, పసుపుకి మారితే ఖాయం. ఆ బండితో దూరప్రయాణం పెట్టుకోకండి.

దారిలో ముల్లు లేస్తే

ఏసీ ఆపి, హీటర్ ఫుల్‌గా పెట్టి, వేగం 70, 80కి తగ్గించండి. ఎండలో చెమటలు పడతాయి, భరించాలి. ఆవిరి గానీ, కూలెంట్ కారడం గానీ లేకపోతే పక్కన ఆపి, న్యూట్రల్‌లో ఆర్‌పీఎం కొద్దిగా పెంచి దిగేదాకా ఉండండి. ఆవిరి వచ్చినా, కూలెంట్ కారినా, ముల్లు ఎరుపులోకి వెళ్లినా వెంటనే ఇంజిన్ ఆపేయాలి. ఎరుపులో ఉన్న ముల్లు ఒక్కసారిగా కిందికి పడిపోతే చల్లబడిందని సంబరపడొద్దు. కూలెంట్ పోయి సెన్సర్ గాల్లో వేలాడుతుంటే అలాగే పడుతుంది.

మూత మీద చేయి వేయడానికి కనీసం అరగంట ఆగండి. పై హోస్ పిండితే మెత్తగా అనిపించాలి, అప్పుడే గుడ్డ కప్పి మెల్లగా తిప్పాలి. లోపలి కూలెంట్ ఒత్తిడి పోగానే ఒక్కసారిగా మరిగి మొహం మీదికి చిమ్ముతుంది. కాలిన ఇంజిన్‌లో చల్లటి నీళ్లు పోస్తే హెడ్ పగిలే ప్రమాదం ఉంది. ఎలక్ట్రిక్ ఫ్యాన్ ఇంజిన్ ఆపాక కూడా దానంతటదే తిరగొచ్చు, వేళ్లు జాగ్రత్త. నేల మీద కారిన కూలెంట్ కడిగేయండి. తియ్యగా ఉండి కుక్కలు నాకుతాయి, అది విషం. బండిలో ఐదు లీటర్ల నీళ్లు, ఒక లీటరు అదే రకం కూలెంట్, కింది హోస్, బెల్టు, రెండు క్లాంపులు, స్క్రూడ్రైవర్ పెట్టుకోండి. వేర్వేరు రంగుల కూలెంట్లు కలపడం దారిలో తప్పనిసరైతేనే. ఇంటికి చేరాక సిస్టమ్ మొత్తం కడిగించాలి.