వానలు పడకముందే పాత కారు ఏబీఎస్ లైటు సంగతి తేల్చుకోండి

మృగశిర కార్తె వచ్చిందంటే ఎప్పుడైనా వాన పడొచ్చు. ఎండాకాలమంతా రోడ్డు మీద పేరుకున్న ఆయిలూ దుమ్మూ తొలకరి జల్లుకు కలిసిపోయి, రోడ్డంతా జారుడుగా తయారవుతుంది. అలాంటి చోట గట్టిగా బ్రేకు నొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా, స్టీరింగ్ తిప్పిన వైపు బండి తిరిగేలా చూసేది ఏబీఎస్. మన దేశంలో అమ్మే కార్లన్నిటికీ ఇది తప్పనిసరి అయింది 2019 ఏప్రిల్ నుంచే. అంతకు ముందు చాలా కార్లలో కాస్త ఎక్కువ పెట్టి పై మోడల్ కొన్నవాళ్లకే ఇది దక్కింది. డబ్బు పెట్టి కొనుక్కున్న ఆ రక్షణ ఇప్పుడు పనిచేయడం లేదని డ్యాష్‌బోర్డు మీద పసుపు లైటు చెబుతుంటే, ‘బ్రేకులు పడుతున్నాయి కదా’ అని తిరిగేస్తున్నవాళ్లను చూస్తే నాకు భయమేస్తుంది.

ముందు లైటును సరిగ్గా గమనించండి. తాళం ఆన్ చేయగానే అది వెలిగి, కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. అసలు వెలగనే వెలగకపోతే మంచిదని సంబరపడొద్దు. సెకండ్‌హ్యాండ్‌లో కొన్న బండి అయితే బల్బు తీసేసి అమ్మి ఉండొచ్చు. పసుపు లైటు ఒక్కటే ఉంటే మామూలు బ్రేకులు పనిచేస్తాయి, ఏబీఎస్ పనిచేయదు. నిదానంగా, ముందు బండికి దూరంగా నడుపుకుంటూ గ్యారేజీకి వెళ్లొచ్చు. హ్యాండ్‌బ్రేక్ దించాక కూడా పసుపు లైటుతో పాటు ఎర్ర బ్రేక్ లైటు వెలుగుతుంటే మాత్రం బండి కదపకండి. బ్రేక్ ఆయిల్ తగ్గిపోయి ఉండొచ్చు. లేదా ముందు వెనక చక్రాలకు బ్రేకును పంచే ఈబీడీ కూడా ఆగిపోయి ఉండొచ్చు. వెనక చక్రాలు ముందుగా బిగుసుకుంటే తడి రోడ్డు మీద బండి అడ్డం తిరిగిపోతుంది.

ఇంటి దగ్గర మీరే చూసుకోదలిస్తే, చదునైన గట్టి నేల మీద పెట్టుకోండి. నేల మీద ఉండే చక్రాలకు ముందూ వెనకా దిమ్మలు వేయండి. జాకీ బండిని లేపడానికే. లేపాక కింద స్టాండ్ పెట్టకుండా చెయ్యి కూడా లోపలికి పోనివ్వొద్దు. ఏ కప్లర్ (వైర్లను కలిపే ప్లగ్గు) ఊడదీయాలన్నా తాళం ఆఫ్‌లో ఉండాలి. పసుపు రంగు కప్లర్లు, పసుపు తొడుగున్న వైర్లు కనిపిస్తే అవి ఎక్కువగా ఎయిర్‌బ్యాగ్‌వి, వాటికి మల్టీమీటర్ పెట్టొద్దు. బ్రేక్ పైపులు వచ్చి కలిసే ఏబీఎస్ యూనిట్‌ను విప్పే పని ఇంట్లో వద్దే వద్దు. లోపలికి గాలి చేరితే, బండి కంప్యూటర్‌ను చదివే స్కానర్‌తో దాని పంపును ఆడిస్తే గానీ బయటికి రాని బళ్లు చాలా ఉన్నాయి.

లైటు వెలిగిందనగానే కొన్ని గ్యారేజీల్లో వినిపించే మొదటి మాట, ‘యూనిట్ పోయింది సార్’. పాత బండిలో అన్నిటికన్నా ఖరీదైన సామాను అదే, కాబట్టి అనుమానం దాని మీదికి చివరగా వెళ్లాలి. మొదట బ్యాటరీ చూడండి. ఇంజన్ ఆఫ్‌లో 12.6 వోల్టుల దగ్గర, స్టార్ట్ చేశాక 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. వోల్టేజి బాగా పడిపోతే ఏబీఎస్ తనంతట తానే పక్కకు తప్పుకుంటుంది. తర్వాత ఫ్యూజులు. పంపుకొకటి, వాల్వులకొకటి పెద్దవి బానెట్ కింద ఉంటాయి. కాలిపోతే అదే ఆంపియర్‌ది వేయండి. పెద్దది వేసినా, వైరు ముక్క చుట్టినా ఆ వేడికి వైరింగే అంటుకుంటుంది. యూనిట్ ఎర్త్ బోల్టు దగ్గర తుప్పుందేమో చూడండి. యూనిట్ పనిచేస్తుండగా బ్యాటరీ నెగటివ్‌కూ ఆ ఎర్త్‌కూ మధ్య 0.2 వోల్టులకు మించి చూపిస్తే, బోల్టు విప్పి గీకి శుభ్రం చేయాలి. నాలుగు టైర్లూ ఒకే సైజువేనా, గాలి సమంగా ఉందా అన్నదీ ఇప్పుడే చూసేయండి. ఒక చక్రం సైజు తేడాగా ఉంటే తిరిగే వేగమూ తేడాగా ఉంటుంది, యూనిట్ దాన్ని లోపంగా తీసుకోవచ్చు.

లోపం ఎక్కడుందో బండి కంప్యూటర్ కోడ్‌ల రూపంలో దాచుకుంటుంది. చౌకగా దొరికే బ్లూటూత్ రీడర్లు ఎక్కువగా ఇంజన్ కోడ్‌లే చదువుతాయి. ఏబీఎస్ చదివే స్కానర్ ఉన్నచోటికి వెళ్లండి. కోడ్ చెరిపేసే ముందు ఫొటో తీయించుకోండి. కోడ్‌లో ముందు ఎడమ చక్రం పేరు వచ్చిందంటే ఆ చక్రం వైపు లైన్‌లో ఎక్కడో తేడా ఉందని. చక్రం వేగాన్ని కొలిచే సెన్సరే పోయిందని దానర్థం కాదు. ఒకరు బండి నడుపుతుంటే పక్కనున్నవాళ్లు నాలుగు చక్రాల వేగం స్కానర్‌లో చూడాలి. మూడు 20 చూపిస్తుంటే ఒకటి మధ్యమధ్య సున్నాకు పడిపోతోందా? వెతకాల్సింది అక్కడే.

ఆ చక్రం దగ్గర నాకు ఎక్కువగా కనిపించేది సెన్సర్ వైరు తెగడం. స్టీరింగ్ తిప్పినప్పుడల్లా, గుంతలో పడినప్పుడల్లా మడ్‌గార్డు లోపల ఆ వైరు వంగుతూ ఉంటుంది. ఏళ్లు గడిచేసరికి పైతొడుగు నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపలి రాగి తీగ మాత్రం తెగిపోతుంది. మీటర్ పెట్టి వైరును మెల్లగా వంచుతూ చూస్తే అంకె ఒక్కసారిగా ఎగిరిపడుతుంది. పరీక్ష కోసం వైరుకు గుండుసూది గుచ్చే అలవాటు మానేయండి. ఆ రంధ్రంలోంచి వాన నీరు దిగి, తీగకు పచ్చటి కిలుము పట్టి, కొన్నాళ్లకు అక్కడే కొత్త జబ్బు మొదలవుతుంది. కప్లర్ వెనకవైపు నుంచి సన్నటి పిన్ను పెట్టి చూడాలి.

సెన్సర్‌కు మీటర్ పెట్టే ముందు అది ఏ రకమో సర్వీస్ మాన్యువల్‌లో చూసుకోండి. పాతరకం కాయిల్ సెన్సరైతే సాధారణంగా 800 నుంచి 2000 ఓమ్‌ల మధ్య చూపిస్తుంది. ఎడమదీ కుడిదీ పోల్చితే తేడా తెలిసిపోతుంది. చక్రం చేత్తో తిప్పితే కొద్దిపాటి ఏసీ వోల్టేజి కూడా రావాలి. కరెంటు అందితేనే పనిచేసే కొత్తరకం సెన్సరైతే ఓమ్‌లు కొలవకండి. ఆ అంకెకు అర్థం ఉండదు, సెన్సర్ దెబ్బతినే ప్రమాదమూ ఉంది.

లైటు వెలగకుండానే ఇబ్బంది పెట్టే లోపం ఇంకొకటి ఉంది. బండి ఆగబోతుండగా, గంటకు ఐదు, పది కిలోమీటర్ల వేగంలో పెడల్ గరగరమని వణికి బ్రేకు వదులైనట్టుంటే, సెన్సర్ ఎదురుగా తిరిగే పళ్ల చక్రం పగిలిందేమో, తుప్పు ఉబ్బి సెన్సర్‌కు దూరం మారిందేమో చూడాలి. ట్రాఫిక్‌లో ముందు బండిని తాకించే లోపం ఇది, వాయిదా వేయొద్దు. బేరింగ్ మార్చాకే లైటు వచ్చిందంటే బేరింగ్ తిరగేసి బిగించారేమో అడగండి. కొన్ని బేరింగులకు ఒక పక్క మాత్రమే సెన్సర్ చదివే అయస్కాంతపు రింగు ఉంటుంది.

వానాకాలంలో తడికి ఎలుకలు బానెట్ కిందికి చేరతాయి. వారానికోసారి ఎత్తి చూడండి. వాటర్ సర్వీసింగ్‌లో యూనిట్ కప్లర్ మీదికి నేరుగా ప్రెషర్ కొట్టనివ్వకండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో మునిగినట్టు మీ బండి ఎక్కడైనా నీట మునిగితే తాళం ఆన్ చేయకుండానే గ్యారేజీకి లాక్కెళ్లండి. మునిగి తేలిన బండి తక్కువ ధరకు వస్తోందంటే సీట్ల కింద కప్లర్లు విప్పి కిలుము చూశాకే బేరమాడండి.

రిపేరయ్యాక ఖాళీ స్థలంలో, వెనక ఎవరూ లేరని చూసుకుని, 30, 40 వేగంలో ఒకసారి గట్టిగా నొక్కండి. పెడల్ కొట్టుకున్నా కాలు తీయకండి, ఏబీఎస్ పనిచేసేటప్పుడు అలాగే ఉంటుంది. లైటు పొడిగా ఉన్నప్పుడు రాకుండా వానలోనే వస్తోందంటే మాత్రం స్ప్రే బాటిల్‌లో నీళ్లు తీసుకోండి. ఒక్కో చక్రం కప్లర్‌నే తడిపి, చిన్న రౌండు కొట్టి రండి. ఏది తడిపాక లైటు వెలిగిందో, విప్పాల్సింది ఆ కప్లర్‌నే.